ఊపిరి బిగబట్టి కుట్టించుకున్న కోటు

మిరపతోట పక్కన ఒక పశువుల కొట్టం ఉంది. దానికి కాపలా కుక్క సింగన్న. వాడు ఒక్కసారి మొరిగితే చాలు, కాలవ అవతల నక్కలకు కంటి మీద కునుకు ఉండేది కాదు. కోడిపెట్ట చుక్కమ్మ ఆ గొంతు మీద భరోసాతోనే గడ్డివాము పక్కన పిల్లల్ని పెంచుకుంటోంది.

ఈ మధ్య సింగన్నకు పొట్ట కాస్త ముందుకొచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఒక్క నక్క కొండప్ప తప్ప. మెడలో టేపు వేలాడేసుకుని, దర్జీనంటూ పట్టపగలే దిగాడు.

"బావా, నీలాంటి వీరుడికి ఈ పొట్టేంటి! కోటు కుట్టిపెడతా. ఎవరీ కుర్రోడని ఊరంతా అడక్కపోతే నా పేరు మార్చుకుంటా."

సింగన్న ఐసైపోయాడు.

"ఊపిరి బిగబట్టు బావా, పొట్ట లోపలికి లాగు" అంటూ కొలతలు తీసుకున్నాడు కొండప్ప. ఎవరైనా కడుపునిండా తిని కూర్చునే ఒంటికి కొలతలిస్తారు. మన మహానుభావుడు ఊపిరి లేని ఒంటికి ఇచ్చాడు.

కోటు వచ్చింది. వీపు మీద నాడాలు. కొండప్ప వాటిని బిగించి ముడేసి వెళ్లాడు. కొట్టంలోని బాతులు "అబ్బో!" అన్నాయి. ఆ ఒక్క మాటకే సింగన్న కోటు విప్పడం మానేశాడు.

చుక్కమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది. తిన్న ప్రతిసారీ వాడికి పుల్లటి త్రేన్పులు, ఛాతీలో మంట. కాసేపు కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. కోటు ఒరుసుకున్నచోట చర్మం ఎర్రగా కందిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం కొండప్ప కంచె దగ్గరికొచ్చి కోడిపిల్లల వంక చూస్తుంటే, సింగన్న మొరగబోయి కీచుమన్నాడు. కొండప్ప నవ్వుకుంటూ వెళ్లాడు.

"తమ్ముడూ, నీ గొంతేదిరా?" అంది చుక్కమ్మ.

"గాలి ఆడట్లేదక్కా. అలవాటైతే సర్దుకుంటుందన్నాడు కొండప్ప."

"నీకు అలవాటయ్యేలోపు నా పిల్లలు వాడి పొట్టలో ఉంటారు! వాడు కుట్టింది నీ ఒంటికి కాదు, నీ గొంతుకి!"

పక్కనే నెమరేస్తున్న బొల్లెద్దు తల విదిల్చాడు. "మా రైతు నా మెడకు పలుపు కట్టినా చెయ్యి దూరేంత సందు ఉంచుతాడు. నువ్వు కోరి బిగించుకున్నావా, వెర్రినాగన్నా!"

చుక్కమ్మ ముక్కుతో పొడిచి ముడి వదులు చేసింది. కోటు జారిపోగానే సింగన్న గుండెల నిండా గాలి పీల్చుకుని, సిగ్గుతో తల దించుకున్నాడు.

"సిగ్గు తర్వాత పడుదువుగాని, వాము చాటుకెళ్లి కూర్చో" అంది చుక్కమ్మ.

పొద్దు వాలుతుండగా కొండప్ప వచ్చాడు. చుక్కమ్మ ఎదురెళ్లింది.

"అన్నా, నీ కోసమే చూస్తున్నా. నాకూ పిల్లలకూ, బాతులకూ అందరికీ కోట్లు కావాలి."

కొండప్పకు నోరూరింది. రెక్క విప్పలేని కోళ్లు, పరిగెత్తలేని బాతులు! "సింగన్న ఏడమ్మా?"

"గాలాడక కోటు విప్పి ఎక్కడో పడుకున్నాడు. ఆ బానపొట్ట మీద నీ పనితనం ఏం కనిపిస్తుంది? నీ నడుం మీద చూపిస్తే మా బాతులు ఇప్పుడే కొలతలిస్తాయి."

కొండప్ప తన నడుం వంక ఓసారి మురిపెంగా చూసుకుని, సింగన్న విప్పిన కోటు తొడుక్కున్నాడు. సన్నటివాడు కదా, వదులైంది.

"అయ్యో, సంచిలా ఉందే!" అన్నాయి బాతులు.

"బొల్లి తాతా, కాస్త సాయం పట్టు" అంది చుక్కమ్మ. "ఊపిరి బిగబట్టన్నా!"

కొండప్ప బిగబట్టాడు. బొల్లెద్దు కొమ్ముకు నాడాలు తగిలించుకుని వెనక్కి ఒక్క అడుగు వేశాడు. కోటు అంచులు కలుసుకున్నాయి. చుక్కమ్మ చటుక్కున ముడి బిగించింది.

"చాలు... చాలమ్మా..." నక్క గొంతు పీలగా వచ్చింది.

అప్పుడు వాము చాటు నుంచి సింగన్న మొరిగాడు! కొట్టం రేకులు అదిరాయి. చుక్కమ్మకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొండప్ప ఒక్క గంతేశాడు. రెండో గంతుకు ఊపిరి చాలలేదు. నాలుగడుగులకే రొప్పుతూ పేడగుంతలో బోర్లాపడ్డాడు. సింగన్న వెళ్లి తాపీగా వాడి ముందు నిలబడ్డాడు.

"బావా, కోటు విప్పించు. చచ్చిపోయేలా ఉన్నా!"

"నన్నడక్కు, మా అక్కనడుగు."

చుక్కమ్మ పిల్లల్ని వెంటేసుకుని గుంత గట్టు మీదికొచ్చింది. "విప్పుతా. ఇక కాలవ దాటనని నా పిల్లల ముందు ఒట్టెయ్యి."

పేడలో మూతి పెట్టి కొండప్ప ఒట్టేశాడు. ముడి విప్పగానే కోటు వదిలేసి, టేపు వదిలేసి, కాలవలో దూకి ఈదుకుంటూ పోయాడు. కాలవ గట్టు మీద బాతులు రెక్కలు కొట్టుకుంటూ కేరింతలు కొట్టాయి. ఆ తర్వాత ఇంతవరకూ ఏ నక్కా ఆ గట్టెక్కలేదు.

నీతి: ఊపిరాడనివ్వని బట్ట ఎంత అందంగా ఉన్నా అది ఒంటికి శత్రువే.