చెప్పకూడని పెట్టె

మల్లవరం రాజు కుంభవర్మకి ఒక పిచ్చి ఉంది. పొరుగు రాజుల దగ్గర లేని వస్తువు తన దగ్గర ఉండి తీరాలి. అది ఎందుకు పనికొస్తుందన్నది తర్వాతి సంగతి.

ఈ సంగతి ఎలా పసిగట్టాడో, రత్నగుప్తుడనే యంత్రాల వర్తకుడు ఓ రోజు పట్టుగుడ్డ కప్పిన పెట్టెతో కొలువులో దిగాడు.

"ప్రభూ, ఇది తనంతట తనే పాడే పెట్టె! కానీ చూడాలంటే ముందు ఈ రహస్య పత్రం మీద ముద్ర వెయ్యాలి. చూసిందీ విన్నదీ ఎవ్వరికీ చెప్పకూడదు. చెబితే నేనడిగిన వస్తువు ఇచ్చెయ్యాలి. మా బేరాల్లో ఇదే పద్ధతి."

విదూషకుడు కొండుభట్టు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "ప్రభూ, ఒక్కసారి చదివి..." అనేలోపే రాజు ముద్ర గుద్దేశాడు. రాజు గుద్దాక మంత్రి ఊరుకుంటాడా? ఆయనా గుద్దేశాడు.

ఇద్దరూ మూత ఎత్తి తొంగిచూశారు.

"ఓరి నాయనోయ్! ఇందులో కీచురాయి ఉందేమిటయ్యా మంత్రీ!" అని అరిచాడు రాజు.

వర్తకుడు ఎగిరి గంతేశాడు. "చెప్పేశారు ప్రభూ, చెప్పేశారు!"

"మంత్రి కూడా చూశాడు కదయ్యా!"

"ఎవ్వరికీ అంటే ఎవ్వరికీనే. చూసినవాడికైనా సరే, ఆఖరికి నాకైనా సరే! మీ ఏనుగు గౌరిని ఇప్పించండి."

రాజు మొహం వాడిపోయింది. గౌరికి రోజూ తన చేత్తో బెల్లం ముద్దలు తినిపిస్తాడాయన. ముద్ర వేసి మాట తప్పడం ఎలా? కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పాపం. అది చూసి కొండుభట్టుకి ఒళ్ళు మండింది. "వీడి తస్సాదియ్యా!" అనుకుని ముందుకొచ్చాడు.

"వర్తకులవారూ, పెట్టె నాకూ చూపించండి. నచ్చితే నేనూ ఒకటి కొంటాను."

"ముందు ముద్ర!"

"ఓ, తప్పకుండా. అయితే మా కోటలో బేరమంటే ఇద్దరి నోళ్ళూ కట్టాలండీ. మీ గుట్టు మేం చెప్పం. మా కోటలో చూసిందీ విన్నదీ మీరూ చెప్పకూడదు. మీ పత్రంలోని షరతులే, అదే జరిమానా."

"నా నోరు జారడమా! ఎన్ని రాజ్యాల గుట్టు నా కడుపులో ఉందో తెలుసా?" అంటూ వర్తకుడు, కొండుభట్టు అక్కడికక్కడే రాసిచ్చిన పత్రం చదవకుండానే ముద్ర గుద్దేశాడు.

కొండుభట్టు పెట్టె జోలికే పోలేదు. తీరిగ్గా కూర్చుని, "ఇంతకీ మా రాజుగారు మీకేమివ్వాలండీ?" అన్నాడు.

"చెప్పానుగా! వస్తూ మీ ఏనుగుశాలలో చూశానే, నుదుటిమీద తెల్లమచ్చ, ఆ గౌరిని!"

"అయ్యయ్యో! మా కోటలో చూసింది చెప్పేశారే!"

"మీ ఏనుగు సంగతి మీకే కదయ్యా చెప్పాను!"

"ఎవ్వరికీ అంటే ఎవ్వరికీనే. ఆఖరికి మాకైనా సరే!"

కొండుభట్టు చెయ్యి చాచాడు. "జరిమానా కింద రాజుగారి ముద్ర ఉన్న పత్రం ఇలా ఇవ్వండి. అన్నట్టు, ఇక్కడ మీకు జరిగిన పరాభవం బయట చెప్పుకుని ఏడవడానికి కూడా లేదు, గుర్తుంచుకోండి!"

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు పత్రాన్ని పరపరా చించి, ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వి, తన ముత్యాలహారం తీసి కొండుభట్టు మెళ్ళో వేశాడు. ఆ వెంటనే రాజముద్ర కూడా అతని చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే దాచవయ్యా, నేనడిగినా ఇవ్వకు!" అన్నాడు.