వెనక పెట్టిన నిమ్మకాయలు

సన్యాసయ్య గురువుని ఎవరేది అడిగినా ముందు టీ తాగుతాడు. తాగినంతసేపూ అడిగినవాళ్ళ వంక చూడడు. గ్లాసు ఖాళీ అయ్యాక జవాబు చెప్పడానికి బదులు లేచి నడుస్తాడు. జవాబు కావలసినవాళ్ళు వెంటపడాలి. పేరు సన్యాసయ్యే గానీ ఆయనెప్పుడూ కాషాయం కట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు విశాఖ రేవులో ట్రైలర్ లారీలు తోలాడు. గాజువాక వైపు స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆయన చేత మొట్టికాయలు తిన్నవాళ్ళే. నేనూ తిన్నాను, కాబట్టి నా నోట గురువుగారనే మాట దానంతటదే వస్తుంది.

ఆ రోజు అడిగింది పైడితల్లి. జాతరల్లో జెయింటు వీలు తిప్పే మనిషి. ఆ వీలు తండ్రి ఇచ్చాడు, డ్రైవింగు మా గురువు నేర్పాడు. ఆ ఇనప చట్రాన్ని ముక్కలుగా విప్పి ట్రైలర్‌కెత్తితే తొమ్మిది టన్నులు తూగుతుంది. దాన్ని లాగే పాత లారీ కిందటేడు మన్యం ఘాట్‌రోడ్డు మీద ఆగి, వెనక్కి జారింది. చక్రం కింద రాయి పెట్టి ఆపబోయిన ఆవిడ తమ్ముడు నూకరాజు కుడిచేతి మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఆ లారీని తుక్కు కింద అమ్మేశారు. ఇప్పుడు మళ్ళీ మన్యంలో జాతర, ఇంకా ఐదు రోజులే ఉంది. అది తప్పిపోతే వీలుని నమ్ముకున్న పన్నెండు కుటుంబాలకి ఆ ఏడు గడవదు. వెళ్తే మళ్ళీ ఆ ఘాటే, బండి వెనకాల మళ్ళీ నూకరాజే.

"నా దగ్గిర నాలుగు లచ్చలున్నాయి గురువుగారూ. ఆ డబ్బుకి ఇంత బరువు లాగే పాత బండిని ఎలాగ పోల్చుకోవాల?" అంది పైడితల్లి.

గురువు టీ తాగాడు, లేచాడు, నడిచాడు. పైడితల్లీ నూకరాజూ, నేనూ ఇంకో శిష్యుడూ, నలుగురం వెంటపడ్డాం.

నడక ఆగింది పాత లారీలు అమ్మే కనకారావు దొడ్డిలో. పైడితల్లి అప్పటికే తన ట్రైలర్‌ని తెలిసినవాళ్ళ లారీకి కట్టి అక్కడికి లాగించుకొచ్చింది, బండి కుదిరితే ఆ క్షణమే తగిలించుకుపోదామని. అంత తొందర ఆవిడది! ఆవిడ డబ్బుకి సరిపోయేవి రెండే ఉన్నాయి. ఒకటి కుంకుమ రంగు లారీ. కొత్త పెయింటు, అద్దం చుట్టూ గజ్జెలు, వాయిస్తే పాటలు పాడే హారన్, ఎదురొచ్చిన బస్సు పక్కకి తప్పుకునేంత పెద్ద మొహం. రెండోది మూలనున్న నీలం బండి. నీలమని కనకారావు చెప్తే నమ్మాలి, కంటికి మాత్రం బూడిద రంగే. ధరలో తేడా ఓ నలభై వేలు.

ఎర్రదాన్ని చూడగానే పైడితల్లి మొహం వెలిగిపోయింది. నిజం చెప్పొద్దూ, నా మొహం కూడా వెలిగింది. "దీంతో జాతరలోకి ఎల్తే పిల్లలందరూ ఎనకాలే పరిగెడతారు గురువుగారూ!" అని హారన్ మోగించేసింది. దొడ్డిలో ఉన్నవాళ్ళంతా మూగారు. కనకారావు చెయ్యి జేబులోకి పోయింది. బండి కొన్నవాళ్ళు చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి తొక్కించుకుంటారు కదా, దిష్టి పోవడానికి. కనకారావు జేబులో ఎప్పుడూ నాలుగు సిద్ధంగా ఉంటాయి. బేరం కుదిరిందనిపిస్తే చాలు, బయటికి తీస్తాడు.

గురువు చెయ్యి చాచి ఆ నాలుగూ తీసేసుకున్నాడు. దొడ్డి వెనక పాత రాతి క్వారీకి ఎక్కే మట్టిదారి ఉంది, నిటారైన ఎత్తు. "ముందు ఎర్రదానికి ట్రైలర్ తగిలించమ్మా. సగం ఎక్కేక ఆపు. పది నిమిషాలు కూకో. అప్పుడు మళ్ళీ కదులు," అన్నాడు.

ఎర్ర లారీ ఎక్కిన తీరు ఏం చెప్పను! ఇంజను గర్జించింది, గజ్జెలు గలగలలాడాయి, దుమ్ము లేచింది. మేమంతా ఈలలు వేశాం. సగంలో పైడితల్లి ఆపి హ్యాండుబ్రేకు లాగింది. నూకరాజు అలవాటు ప్రకారం ఎడమచేత్తో రాయి పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. గురువు వంగి రెండు నిమ్మకాయల్ని కర్రతో తోసి ట్రైలర్ చక్రాల వెనక, బెత్తెడు దూరంలో ఉంచాడు.

"ఎనకాల పెట్టడమేటి గురువుగారూ, అపశకునం!" అన్నాడు కనకారావు.

"ముందుకెళ్తే ఏటి నలుగుద్దో నాకు తెల్సును. ఎనక్కొస్తే ఏటి నలుగుద్దో సూద్దారి," అన్నాడు గురువు.

పదో నిమిషంలో పైడితల్లి బ్రేకు వదిలి యాక్సిలేటర్ తొక్కింది. ఇంజను ఇందాకటికంటే గట్టిగా అరిచింది. బండి వణికింది, మాడిన వాసన గుప్పుమంది, ట్రైలర్ మూరెడు వెనక్కి వచ్చింది. నిమ్మకాయలు రెండూ చితికి రసం చిమ్మింది. నూకరాజు ఎగిరి దూకి రాయి వేశాడు. చక్రం రాయిని కొట్టుకుని ఆగింది. కిందికి దిగిన పైడితల్లి తమ్ముడి వేళ్ళు లెక్కపెట్టి చూసుకుంది, ఉన్న ఏడూ ఉన్నాయి.

"అలవాటు లేని బండి కదండీ, క్లచ్చు బిగిస్తే గుర్రమే," అన్నాడు కనకారావు. గురువు వినిపించుకోలేదు. నీలం బండి వైపు చెయ్యి చూపించాడు.

నీలం బండి రెండుసార్లు దగ్గి స్టార్టయింది. ట్రైలర్ తగిలించాక నెలలు నిండిన గేదెలా, ఎవరి తొందరా తనకి పట్టనట్టు ఎక్కింది. ఎవరూ ఈల వెయ్యలేదు. సగంలో ఆగింది. మిగిలిన రెండు నిమ్మకాయలూ వెనక చేరాయి. నిమిషం అయింది, ఐదు నిమిషాలయ్యాయి. చూడ్డానికి ఏమీ లేదని ఇద్దరు టీకి బయల్దేరారు. అప్పుడు చూశాను గురువుని. డెబ్భై దాటిన మనిషి నేల మీద బోర్లా పడుకున్నాడు. చెంప మట్టికానించి, నిమ్మకాయకీ చక్రానికీ మధ్యనున్న సందులోకి చూస్తూ చిన్నపిల్లాడిలా కేకలు పెడుతున్నాడు: "సూడండ్రా! సూడండి! ఏటీ అవ్వడం లేదు!"

నేను మొదట నవ్వాను. తర్వాత నేనూ వంగి చూశాను. తొమ్మిది టన్నుల ఇనుము కొండవాలు మీద వేలాడుతుంటే ఆ సందు వెంట్రుకవాసి తగ్గలేదు. నేనూ ఆయన పక్కనే బోర్లా పడుకున్నాను. టీకి వెళ్తున్నవాళ్ళు కూడా వెనక్కి పరిగెత్తుకొచ్చారు. పదో నిమిషంలో పైడితల్లి బ్రేకు వదిలింది. బండి ఒక్కసారి మూలిగి ముందుకే కదిలింది. నిమ్మకాయలు చెట్టునుంచి అప్పుడే కోసినట్టున్నాయి. ఇక చూడండి ఈలలు! ఎర్రదానికి వేసినవి దీని ముందు ఈలలే కావు. పైడితల్లి క్యాబిన్లోంచి తల బయటికి పెట్టి, "ఇంకోపాలి!" అని అరిచి, ఇంకా నిటారుగా ఉన్న చోట తనే ఆపింది, మళ్ళీ కదిలించింది. మూడోసారి ఆపి, హ్యాండుబ్రేకు మీద వదిలేసి పరిగెత్తుకుంటూ మా దగ్గరికొచ్చింది. మనిషి ఎగిరి గంతులేస్తోంది.

కానీ మనసు మనసే కదా. ఆవిడ కళ్ళు ఎర్ర లారీ మీదికి పోయాయి. "ముసల్ది, మెల్లగా ఎక్కుద్ది. అదైతే ఎలాగుందో సూడండి! క్లచ్చు మార్పించుకుంటే సరిపోదా గురువుగారూ? ఏది తీసుకోమంటారు?" అని అడిగింది.

గురువు గడ్డంతో ఎత్తు వైపు చూపించాడు. డ్రైవరు లేకుండా నిలబడి ఉంది నీలం బండి. దాని ట్రైలర్ వెనక నూకరాజు కూర్చుని ఉన్నాడు. రాయిని ఎప్పుడో పక్కన పడేశాడు. ట్రైలర్‌కి వీపు పెట్టి, కుడిచేతికి మిగిలిన రెండు వేళ్ళతో అగ్గిపెట్టె పట్టుకుని తీరిగ్గా చుట్ట వెలిగించుకుంటున్నాడు. ఘాట్‌రోడ్డు తర్వాత అతను ఆగిన ట్రైలర్‌కి వీపు పెట్టడం మాలో ఎవరం చూడలేదు.

పైడితల్లి తమ్ముణ్ణే చూస్తూ నిలబడిపోయింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, మొహం నవ్వుతోంది. కొంగుతో తుడుచుకుని, కనకారావుని నీలం బండి కాగితాలు తెమ్మంది.

"ఇన్నాళ్ళూ బండి సంగతి ముందు సీట్లో కూకున్నోళ్ళనే అడిగేవమ్మా," అన్నాడు గురువు.