రోహిణిలో ఎండిన పడవ

పెదసైదులుకు వచ్చిన కష్టం ఏమిటంటే, ఏడుపు రావడం లేదు.

పొన్నలంక జనం దాన్ని కష్టం అనలేదు, జ్ఞానం అన్నారు. ఖర్చు లేని బిరుదులు ఇవ్వడంలో ఆ లంకవాళ్ళది పెద్ద చెయ్యి. మొదట్లో పెదసైదులు నమ్మలేదు. నలుగురూ అంటూ ఉంటే మెల్లగా నమ్మాడు.

అతని తమ్ముడు చినసైదులు కిందటేడు వరదలో పోయాడు. వాళ్ళమ్మ లంకలోని దర్గాకు రెండుసార్లు మొక్కుకుని, రెండుసార్లూ ఒకే పేరు పెట్టింది. ఇంకో పేరు వెతికే ఓపిక లేక అలా చేసిందని ఊళ్ళో అనేవాళ్ళు. పెద్దోడిది చుక్కాని, చిన్నోడిది ఇంజను. లంకకూ అవతలి ఒడ్డుకూ మధ్య తిరిగే ఇంజను పడవ ఆ ఇద్దరిదే.

ఆ రోజు నడి ఏట్లో గుర్రపుడెక్క ఇంజను పంకాకు చుట్టుకుంది. చిన్నోడు వెనక్కి వంగి దాన్ని లాగుతుండగా, వరదలో కొట్టుకొచ్చిన మాను ఒకటి పడవను తాకింది. చిన్నోడు నీళ్ళలో పడ్డాడు. పడవ నిండా జనం. పెదసైదులు చుక్కాని వదిలితే పడవ తిరగబడుతుంది. వదల్లేదు. అందరినీ ఒడ్డుకు చేర్చాడు, ఒక్కణ్ణి తప్ప. దిగినవాళ్ళలో ఒకావిడ గంపలో కోడి చచ్చిపోయిందని గుండెలు బాదుకుని ఏడ్చింది. అతను మాత్రం ఏడవలేదు.

తమ్ముడి శవం దొరికి దహనం చేసిన నాడూ ఏడవలేదు, పెద్దకర్మ నాడూ ఏడవలేదు. ఆ మర్నాడు దర్గాకు వెళ్ళి మౌలా తాత కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నన్ను శిష్యుడిగా ఉంచుకోండి తాతా. నాకు లోకం మీద మమకారం పోయింది."

తాత అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"చీపురు ఆ మూల ఉంది" అన్నాడు.

మౌలా తాత ఆ దర్గాలో ఎప్పటి నుంచి ఉంటున్నాడో చెప్పగలిగేంత ముసలివాళ్ళు లంకలో లేరు. ఆయన ఎవరికీ ఏదీ బోధించేవాడు కాదు. ఉపదేశం కావాలని వచ్చినవాళ్ళకు టీ పోసి పంపేవాడు. ఆ టీ కూడా బాగుండేది కాదు. దాంతో ఉపదేశం కోసం వచ్చేవాళ్ళు కొత్త శిష్యుడి చుట్టూ చేరారు. అతను ఆకుపచ్చ కండువా వేసుకుని, ఊడ్చిన అరుగు మీద కూర్చుని, "అంతా నీటి మీద బుడగ" అని చెప్పేవాడు. టీ కొట్టు తిరపతమ్మ బర్రె చచ్చిపోయినప్పుడు కూడా అదే చెప్పాడు.

"నా బర్రె బుడగ కాదు అన్నా. పూటకు మూడు లీటర్లు ఇచ్చేది" అంది తిరపతమ్మ.

ఆవిడకు జ్ఞానం తక్కువని జనం అనుకున్నారు.

పెదసైదులు తమ్ముడి ఇంటి వైపు వెళ్ళడం మానేశాడు. ఆ ఇల్లు తన ఇంటి పక్కదే కాబట్టి, తన ఇంటికి పోవడం కూడా మానేశాడు. తమ్ముడి భార్య మంగతాయికి తప్పకుండా బియ్యం పంపేవాడు. మోసుకెళ్ళేది మాత్రం వేరేవాళ్ళు.

పడవ ఆ వరద రోజు నుంచీ గట్టు మీద బోర్లా పడి ఉంది. పక్క లంకవాళ్ళ దోనెను బతిమాలుకుంటూ జనం చలికాలం గడిపారు. ఎండలు ముదిరాక పాయ ఇంకిపోయింది. ఒక వారగా నడుము లోతు నీళ్ళు మిగిలితే, జనం ఇసుకలో నడిచి అవతలికి పోతున్నారు. మృగశిర వస్తే పాయ నిండుతుంది. పక్క లంక దోనెను ఈలోగా చెదలు తినేశాయి. ఇక పెదసైదులు పడవ నీళ్ళ మీదికి రాకపోతే, పొన్నలంకలో ఎవరికి పురుడొచ్చినా పాము కరిచినా దేవుడే దిక్కు.

"పెద్దోడా, పడవ సంగతి చూడు" అన్నాడు తాత.

ఆ పిలుపు అతనికి నచ్చదు. చిన్నోడు లేనప్పుడు పెద్దోడేమిటి? ఉత్త సైదులు అంటే చాలని ఊళ్ళో అందరికీ చెప్పాడు, అందరూ సరేనన్నారు. తాత మాత్రం వినిపించుకోలేదు.

రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు. పడవ చెక్కలకు అంత గట్టితనం ఎక్కడిది? తిరగేసి చూస్తే చెక్కకూ చెక్కకూ మధ్య వేలు దూరేంత సందు. అది ప్రతి ఏడూ ఉండేదే. పెద్ద సందుల్లో కాస్త కొబ్బరిపీచు పెట్టి, ఇంజను విప్పి పక్కన పెట్టి, పడవను లోతు లేని చోట ముంచి ఇసుక బస్తాలు వేసి వదిలేస్తారు. దాన్ని పడవకు తాగించడం అంటారు. నీళ్ళు తాగి చెక్క ఉబ్బుతుంది, సందులు వాటంతట అవే మూసుకుంటాయి. ఈ సంగతి పొన్నలంకలో గేదెలకు కూడా తెలుసు. పెదసైదులుకు అందరికంటే బాగా తెలుసు.

అయినా ఈ ఏడు అతను పడవను ముంచనన్నాడు.

"ఆ ఏటి నీళ్ళు ఒక్క చుక్క కూడా ఇందులోకి రానివ్వను" అన్నాడు.

ఒట్టు పెట్టుకుని పనిలోకి దిగాడు. ప్రతి సందులోనూ పీచు దట్టించి, ఉలితో కొట్టి, మళ్ళీ దట్టించాడు. గుగ్గిలం నూనెలో కాచి పోశాడు. అది ఆరాక తారు పూశాడు. లోపల పూసి, బయట పూసి, అనుమానం వచ్చి మళ్ళీ లోపల పూశాడు. ఎండలో పడవ నల్లగా నిగనిగలాడింది. జనం పనులు మానుకుని చూడటానికి వచ్చారు. వాళ్ళకు మానుకోవలసిన పనులు ఎక్కువ లేవనుకోండి.

"ఏం అన్నా, పడవ చేస్తున్నావా, రోడ్డు వేస్తున్నావా?" అంది తిరపతమ్మ.

"ఒక్క చుక్క రాదు చూడు."

"ఒక్క మనిషి కూడా ఎక్కడు. బట్టలు పాడవుతాయి."

ఇంజను దర్గా అరుగు మీద గోనెపట్టా కింద ఉంది. దాన్ని విప్పి, కడిగి, నూనె మార్చి మళ్ళీ బిగించాడు. హ్యాండిలు తిప్పితే మొదటి తిప్పుకే అందుకుంది. చిన్నోడి చేతిలో అది ఏనాడూ అలా అందుకోలేదు. దాని అమ్మనూ అక్కనూ తిడితే గానీ కదిలేది కాదు. పొద్దున్నే ఆ తిట్లు వినపడితేనే, పడవ బయలుదేరుతోందని లంక జనం గబగబా వచ్చేవాళ్ళు. ఇంజను టకటకమంటూ ఆడుతోంది. పెదసైదులు కాసేపు విన్నాడు. ఆపేసి గోనెపట్టా కప్పాడు.

ఆ మధ్యాహ్నం మంగతాయి దర్గాకు వచ్చింది. బావగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు వాళ్ళలో లేదు. పెదసైదులు నాలుగడుగుల దూరంలో తారు కాస్తున్నాడు. ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుని, స్తంభం పక్కన నిలబడి, తాతతో మాట్లాడింది.

"తాతగారూ, మా బావగారితో ఒక మాట చెప్పండి."

"చెబుతాలే. ఏంటమ్మా?"

"బియ్యం అందుతున్నాయని చెప్పండి. ఏ లోటూ లేదని చెప్పండి."

"ఊ."

"ఆ ఇంట్లో ఏడ్చే పని మాత్రం అంతా నా ఒక్కదాని మీదే పడిందని చెప్పండి. ఎవరన్నా కాస్త పంచుకుంటే బాగుండునని..."

ఆమె అక్కడితో ఆపేసింది. తాత పెదసైదులు వైపు తిరిగాడు.

"విన్నావా, నన్ను చెప్పమంటావా?"

పెదసైదులు తారు డబ్బాలోకే చూస్తూ, "పుట్టినవాడికి పోవడం తప్పదని చెప్పండి తాతా" అన్నాడు.

ఆమె కొంగు సర్దుకుంది. ఎండలో చెప్పుల్లేకుండా వెళ్ళిపోయింది. ఆ ఇసుకలో అలా నడిస్తే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. తాత ఆమె వెళ్ళిన వైపు చాలాసేపు చూశాడు. ఆ పూట టీ కూడా పెట్టలేదు.

మర్నాడు పొద్దున పెదసైదులు గట్టు మీదికి వచ్చేసరికి, తాత పడవ పక్కన చతికిలబడి కూర్చుని ఉన్నాడు. చేతిలో గోనెసంచులు కుట్టే దబ్బనం. పక్కన కుప్పగా కొబ్బరిపీచు.

"తాతా! ఏంటిది!"

తాత దబ్బనం సందులోకి గుచ్చి, పీచును మెలిపెట్టి లాగాడు. తారు పెచ్చులుగా ఊడి వచ్చింది.

"రోహిణి మొదలైనప్పటి నుంచీ చేసిన పని తాతా అది!"

"గట్టిగానే చేశావు" అన్నాడు తాత. "చేతులు నొప్పెడుతున్నాయి."

"పీచు తీసేస్తే నీళ్ళు రావూ?"

"నానితే చెక్క ఉబ్బుతుంది గదరా. చోటేదీ? మేకులు పీక్కుని పగిలి చస్తుంది."

"నానదు. నానకుండా ఉండాలనే చేశాను."

"అయితే దీనికి ఏరెందుకు? గట్టు మీదే ఉంచు. తిరపతమ్మ దీని కింద కోళ్ళను కమ్ముకుంటుంది."

పెదసైదులు ముఖం నల్లబడింది. మనసులో ఏముందో గానీ, అతను తాత చేతిలోంచి దబ్బనం లాక్కోలేదు. అలాగని సాయమూ చేయలేదు. నిలబడ్డాడు. తాత ఒక సందు పూర్తిచేసి రెండో దాని మీదికి జరిగాడు. ఎండ నెత్తికెక్కేదాకా జరుగుతూనే ఉన్నాడు.

పొద్దు వాలాక తాత ఊరి మగవాళ్ళను కేకేశాడు. సలహాలు చెప్పడానికి ఇరవై మంది, తొయ్యడానికి ఆరుగురు వచ్చారు. పడవ ఇసుకలో జారి, పాయ వారగా మిగిలిన నీళ్ళలోకి దిగింది. తేలింది కూడా. తాత పంచె ఎగ్గట్టి ఎక్కి నడుమ కూర్చున్నాడు. పెదసైదులు కూడా దూకి ఎక్కాడు.

నీళ్ళు వచ్చాయి. ముందు ఒక సందులోంచి సన్నగా వచ్చాయి. తర్వాత అన్ని సందుల్లోంచీ వచ్చాయి.

పెదసైదులు రేకు డబ్బా అందుకుని తోడటం మొదలుపెట్టాడు. ఎంత తోడితే అంత వస్తున్నాయి. అతను వంగి, మోకాళ్ళ మీద పడి, పిచ్చి పట్టినవాడిలా తోడుతున్నాడు. ఒడ్డు మీద ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అతని నోట్లోంచి ఏదో మాట వస్తోంది. వదలను, వదలను అంటున్నాడని దగ్గరున్నవాళ్ళకు అర్థమైంది.

తాత చెయ్యి చాచి ఆ డబ్బా తీసుకున్నాడు. దాన్ని ఒడ్డు మీదికి విసిరేశాడు.

"తాగనీ" అన్నాడు.

పడవ మెల్లగా కుంగుతోంది. పెదసైదులు చేతులకు ఇక పని లేదు. అవి కాసేపు గాలిలో తడుముకుని, వెనక్కి పోయి, చుక్కానిని పట్టుకున్నాయి. వేళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాయి. నీళ్ళు తాత నడుముకు వచ్చాయి. అడుగు ఇసుకను తాకి పడవ ఒక్కసారి కదిలి ఆగిపోయింది. దాని అంచులు మునిగిపోయాయి. అతను ఇంకా పట్టుకునే ఉన్నాడు.

తాత అతని వైపు చూడలేదు. పాయ వైపు చూస్తూ అన్నాడు.

"ఇక చుక్కాని వదులు పెద్దోడా. జనం దిగిపోయారు."

అప్పుడు వచ్చింది. మొదట అది ఏడుపని ఎవరికీ తెలియలేదు. ఎన్నాళ్ళ నుంచో బిగుసుకుపోయిన తలుపు తీసినట్టు ఒక చప్పుడు. తర్వాత తమ్ముడి పేరు. అంటే తన పేరే. ఆ పేరు అలా పిలవడం లంకలో ఎవరూ అంతకు ముందు వినలేదు. అతను మునిగిన పడవలో, గుండె లోతు నీళ్ళలో కూలబడి, ఒళ్ళంతా ఊగిపోతూ ఏడ్చాడు.

ఆ సాయంత్రం పొన్నలంకలో ఎవరూ ఎవరి గురించీ ఏమీ అనలేదు. తిరపతమ్మ కూడా అనలేదు.

గట్టు మీంచి మంగతాయి దిగి వచ్చింది. ఈసారి స్తంభం పక్కన నిలబడలేదు. అక్కడ స్తంభమూ లేదు. నీళ్ళ అంచున, తడి ఇసుకలో, బావగారికి ఎదురుగా కూర్చుంది. ఆమె ఏడుస్తుంటే అతను ఏడ్చాడు. ఆమె ఆగినప్పుడు కూడా అతను ఆగలేదు.

పొద్దు కుంకింది. తాత లేచి, పంచె పిండుకుంటూ, నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ ఒడ్డుకు నడిచాడు.

వెనక నుంచి పెదసైదులు పిలిచాడు.

"తాతా, ఎన్నాళ్ళు ఉంచాలి?"

ఏటేటా ఆ పడవను ముంచి తేల్చినవాడు అతనే. ఆ మాట ఇంకొకరిని అడగవలసిన పని అతనికి లేదు.

తాత వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"చెక్క చాలనే దాకా."