తీపి దిగని ఆకు

కొండవాలున, గలగలా పారే గెడ్డ పక్కన ఉన్న ఎర్రనేల ముక్క మీద మనుషులెవరి కన్నూ పడలేదు. అందుకని అడవిపంది సన్యాసమ్మ దాన్ని పట్టింది. ముట్టెతో దున్నింది, మట్టిని వరసగా ఎగదోసి బోదెలు పోసింది, చిలగడదుంప తీగ నాటింది. ఎండాకాలంలో అడవిలో గడ్డలన్నీ ఎండిపోతాయి. ఆ మడి పండితేనే ఆమె ఏడుగురు పిల్లలకీ తిండి, లేకపోతే లేదు.

పేడ పెట్టేది ముసలి ఎద్దు పైడయ్య. అడ్డదిడ్డంగా పాకిపోయే తీగల కొసలు తుంచే పని మేక నూకాలుది, కూలి ఆ ఆకే. ఇంత హాయైన ఉద్యోగం ఏ మేకకీ దొరకదని నూకాలు అందరితోనూ చెప్పుకునేది. వినేవాళ్ళు లేకపోతే గెడ్డతో చెప్పుకునేది.

ఇక మిగిలింది బూడిద. తీగ నాటిన నెలకి ప్రతి బోదెకీ ఇంత కట్టెల బూడిద వెయ్యాలని అక్కడి ఆనవాయితీ. అది కొండ దిగువన పెంకుల బట్టీ దగ్గర దొరుకుతుంది. ఆ దారి నక్క గవర్రాజుకి కొట్టిన పిండి, ఎందుకంటే బట్టీవాళ్ళు కోళ్ళు పెంచుతారు. ఈ ఏడు బూడిద తెచ్చి వేసే బాధ్యత తనదన్నాడు, కూలిగా పంటలో సగం కావాలన్నాడు. సగమా అని సన్యాసమ్మ ఏడుగురు పిల్లలనీ ఓసారి లెక్కపెట్టుకుంది. కానీ మనుషుల మధ్యకి పోయి వచ్చే ధైర్యం మరెవరికీ లేదు. సరేనంది.

తీగ ఏపుగా పెరిగింది. పచ్చటి ఆకు మడి అంతా కమ్ముకుంది. పిల్లలు దాని కింద దాగుడుమూతలాడుతుంటే, ఈసారి నక్క తోక తొక్కి వచ్చామని సన్యాసమ్మ మురిసిపోయింది.

నూకాలు అంతకన్నా మురిసిపోయింది. ఆ ఏడు ఆకు రుచే వేరు. మామూలుగా చిలగడ ఆకు సాయంత్రం తియ్యగా ఉంటుంది, తెల్లారేసరికి చప్పబడుతుంది. ఇప్పుడేమో తెల్లారినా బెల్లంలా ఉంది. నాలుగు రోజులు కళ్ళు మూసుకుని మేసింది. అయిదో రోజు నములుతూ నములుతూ ఆగిపోయింది. తీపి ఇంకా ఆకులోనే ఉంటే మరి కిందకి ఏం దిగినట్టు?

గిట్టతో ఓ బోదె గీకి చూసింది. దుంప ఉండాల్సిన చోట ఎలుక తోకలంత వేళ్ళు నాలుగు కనిపించాయి. నోట్లో ఆకు అలాగే ఉండిపోయింది. తను నాలుగు రోజులుగా చప్పరించింది ఆ పిల్లల ఎండాకాలం తిండి అని తెలిసి నూకాలుకి సిగ్గేసింది. చెప్పకపోతే పంట చివరిదాకా తియ్యటి ఆకు తనదే. ఆ సంగతి కూడా ఆమెకి తోచకపోలేదు. తోచినందుకు ఇంకాస్త సిగ్గుపడి పైడయ్య దగ్గరికి నడిచింది.

పైడయ్య తాపీగా నెమరువేస్తూ అంతా విన్నాడు. తన పేడ తక్కువైందేమోనని మొదట అనుమానపడ్డాడు. అంతలోనే తల అడ్డంగా ఊపాడు.

"పేడ తక్కువైతే తీగ గిడసబారిపోతాది, వేరు మాత్రం సాగుతాది. ఆకలేసినోడు తిండి ఎతుక్కుంటా ఎల్లినట్టు. ఇది ఆ జబ్బు కాదు నూకాలూ. ఆకు వంట సేసింది, కిందకి మోసేవోడే లేడు. మోసేది బూడిదలో సారం."

"బూడిద ఏసీసినానన్నాడు కదా మావా, గవర్రాజు."

"నీకు నాలికుంది కదా. నాకి సూడు."

నూకాలు బోదె నాకింది. బూడిద ఉప్పగా, కాస్త కారంగా ఉండాలి. ఇది ఉత్త బండిబాట దుమ్ము. తిన్నగా కొండకి అవతలున్న గవర్రాజు గుహకి పోయి తొంగి చూస్తే, మోకాలి లోతున తెల్లటి బూడిద పరుపు. చలికి వెచ్చన, పిడుదులకి మందు. దాని మీద నక్క పడుకున్న గుంట కూడా చక్కగా కనిపిస్తోంది.

నిలదీద్దామన్నాడు పైడయ్య. నూకాలు వద్దంది. నిలదీస్తే రేపు వేద్దామనే దాచానంటాడు, నాలుగు గుప్పెళ్ళు వేసి సగం పంటా పట్టుకుపోతాడు. ఆ మధ్యాహ్నం మడి గట్టు మీద గవర్రాజు ఎదురుపడేదాకా ఆగి, తియ్యగా పలకరించింది.

"నీ సెయ్యి మంచిది బావూ. తెల్లారినా ఆకు బెల్లమే."

గవర్రాజు మీసం దువ్వుకున్నాడు. "మరేటనుకున్నావు? ఆకే అంత తీపైతే దుంప ఎలాగుంటాదో సూసుకో."

"అందుకే సెప్తన్నాను. ఆకు రుసి సన్నాసమ్మకి తెల్దు. తవ్వినాక పంచుకుంటే మంచీ సెడ్డా కలిసిపోతాయి. తియ్యటి ఆకున్న సగం ఇప్పుడే ఏరుకో."

తన మాటే కదా, నమ్మడానికి గవర్రాజుకి కష్టం కాలేదు. నూకాలు చేత బోదె బోదెకీ ఆకు రుచి చూపించి, ఎక్కువ తియ్యగా ఉన్న పైసగం తనదన్నాడు. తన సగంలో ఎవరూ ముట్టె పెట్టకూడదు, వాళ్ళ సగం ఎలా పండినా తను అడగడు. పైడయ్య ముందు ఒట్టు కూడా వేశాడు. ఆనాటి నుంచీ పందిపిల్లల మీద అనుమానంతో గుహ మాటే మరిచిపోయి, పగలూ రాత్రీ ఆ పైగట్టు మీదే కాపలా కూర్చున్నాడు.

మర్నాడు పట్టపగలే పని మొదలైంది. నూకాలు సంగతంతా చెప్పగా, సన్యాసమ్మా పిల్లలూ గుహలో బూడిద గోనెల్లోకి ఎత్తారు. పైడయ్య వీపు మీద మోసుకొచ్చాడు. కిందసగంలో బోదె బోదెకీ వేసి, గెడ్డ నీళ్ళు మళ్ళించారు. గవర్రాజు గట్టు మీంచి చూసి, గోనెలో ఏమిటని అడిగాడు.

"బూడిదే బావూ," అన్నాడు అబద్ధం రాని పైడయ్య.

గవర్రాజు పకపకా నవ్వాడు. తను వేసిన దుమ్ముకే తీపెక్కిన మడిలో బూడిద వెయ్యడానికి ఈ వెర్రిబాగులాళ్ళు బట్టీ దాకా పోయి వచ్చారే అనుకుని, అదంతా బూడిదలో పోసిన పన్నీరని గేలిచేశాడు.

పదిహేను రోజులకి కిందసగంలో ఆకు తెల్లారేసరికి చప్పబడింది. నూకాలు ఆ చప్పటి ఆకు నమిలి, జన్మలో ఇంత మంచి ఆకు తినలేదనుకుంది. పైసగంలో మాత్రం ముదురాకుల అంచులు మాడడం మొదలైంది. ఎండదెబ్బ అనుకున్నాడు గవర్రాజు.

మాఘమాసం వెళ్ళాక తవ్వారు. కిందసగంలో బోదె పగలదీసుకుని, పందిపిల్ల బుర్రంతేసి దుంపలు ఎర్రగా బయటపడ్డాయి. పైసగంలో గవర్రాజు గోళ్ళు అరిగేదాకా తవ్వితే వచ్చినవి ఎలుక తోకలు. రెండు సగాలకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. నక్క అక్కడే ఉన్నాడు కాబట్టి ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

మాడిన మొహంతో గవర్రాజు అన్నాళ్ళ కాపలా తరువాత గుహకి పోయాడు. పోయినంత వేగంగానే వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. లోపల ఒట్టి రాయి మిగిలింది.

"నా బూ..." అని నోరు తెరిచి, అందరూ తన వైపే చూస్తుంటే చటుక్కున మూసేశాడు.

"ఏటి పోయింది బావూ?" అంది నూకాలు.

"ఏటీ లేదు," అన్నాడు గవర్రాజు, తేలు కుట్టిన దొంగలా. సన్యాసమ్మ పిల్లలు కడుపునిండా తిని, దుంపల కుప్ప పక్కనే గుర్రుపెట్టి నిద్రపోయారు.

నీతి: పుట్టినచోటే నిలవైపోయిన తీపి దుంపనీ నింపదు, చివరికి ఆకునీ బతకనివ్వదు.