తెడ్డు వెయ్యని గుండిగ

ఒకానొక రాజ్యంలో రాజుగారికి జనం మాట వినాలనే బుద్ధి పుట్టింది. పుట్టడం మంచిదే. కాకపోతే తనకు నచ్చిన మాటే వినాలనే బుద్ధి అంతకు ముందే పుట్టి కూర్చుంది.

ఆయన పేరు గజకేతన మహారాజు. ఏనుగులంటే ప్రాణం. ఊరి నడుమ సంత జరిగే మైదానంలో తన నలభై ఏనుగులూ బారులు తీరి కవాతు చెయ్యాలని ఆయన కోరిక. సంతను ఏటి అవతలకి పంపేస్తే సరి అన్నాడు. వానాకాలం నాలుగు నెలలూ ఆ ఏరు దాటడం మనుషుల తరం కాదు. ఆ సంగతి ఏనుగెక్కి దాటేవాడికి ఎలా తెలుస్తుంది?

"జనం ఏమంటారో కనుక్కుని చెప్పు" అని మంత్రి విద్యాభూషణుణ్ణి పురమాయించాడు.

మంత్రి ఆదివారం నాడు కోటగుమ్మం ముందు ఒక బుట్ట పెట్టించాడు. వచ్చిన ప్రతివాడి చేతిలో ఒక గవ్వ, ఒక చింతగింజ పెట్టి, "మహారాజుగారి కీర్తిని పెంచే ఏనుగుల మైదానం మీకు ఇష్టమే కదా? ఇష్టమైతే గవ్వ వెయ్యండి, కాకపోతే చింతగింజ వెయ్యండి" అని అడిగించాడు. బుట్టకు అటొక భటుడు, ఇటొక భటుడు బల్లేలు పట్టుకుని నిలబడ్డారు. పైగా ఆదివారం కోటకు వచ్చేదెవరు? కొలువులో ఉన్నవాళ్లు, కొలువు కోసం అర్జీలు పట్టుకొచ్చినవాళ్లు. వెయ్యిమంది వేస్తే తొమ్మిదివందల ఎనభై గవ్వలు పడ్డాయి. మిగతా ఇరవైమందికీ కళ్లు సరిగ్గా కనబడవని మంత్రి తేల్చేశాడు.

రాజుగారు భోజనానికి కూర్చుని ఆ లెక్క చెప్పుకుని మురిసిపోయాడు. చివర్లో చిన్న అనుమానం వచ్చింది. "రాజ్యంలో లక్షమంది ఉన్నారే! వెయ్యిమందిని అడిగితే చాలునా?"

మంత్రి మీసం దువ్వాడు. "అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గుండిగంతా తినాలా ప్రభూ? ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ!"

"భేష్! నా పుట్టినరోజు మర్నాడే సంత ఎత్తించేయండి" అన్నాడు రాజు.

పప్పు వడ్డిస్తున్న నాంచారమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆవిడ కోట వంటశాలకు పెద్ద. ముప్పై ఏళ్లుగా ఆ పొయ్యిల దగ్గర ఆవిడ మాటే శాసనం. సంతలో ఆనపకాయలు అమ్మిన తల్లి కడుపున పుట్టింది. ఇప్పుడు అదే చోట కూర్చుని అదే ఆనపకాయలు అమ్ముతున్నది ఆవిడ చెల్లెలు పుల్లమ్మ.

గురువారం సంతకొచ్చిన పుల్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏటి అవతలకంటే నేనెట్టా పోయేదక్కా? వానాకాలం పిల్లలకేం పెట్టుకోను?"

"నిన్నెవరూ అడగలేదుటే?"

"అడగటానికి ఆదివారం నేను ఊళ్లో ఉంటేగా! నేనొచ్చేది గురువారమాయె."

నాంచారమ్మకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. "మెతుకు పట్టి చూసే విద్య నాది. ఆ మాటను మంత్రిగారు నా వంటింట్లోంచి ఎత్తుకుపోయారు. పోతే పోయారు, సగమే ఎత్తుకుపోయారు" అంది.

పుట్టినరోజు వచ్చింది. ఆ పూట విందుకు ముందు రాజుగారు వంటశాలకు వచ్చి గుండిగలకు దణ్ణం పెట్టడం ఆ రాజ్యంలో ఆచారం. గాడిపొయ్యి మీద నాలుగు గుండిగలు ఉన్నాయి. మూడింటిలో అన్నం మల్లెమొగ్గల్లా విచ్చింది. నాలుగోది చిన్నది, రాజుగారి పంక్తికి. దాని కింద నాంచారమ్మ ఒక పక్కనే మంట పెట్టింది, ఒక్కసారైనా తెడ్డు వెయ్యలేదు. చేతులారా వంట పాడుచెయ్యడం ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. చెల్లెలి మొహం గుర్తుచేసుకుని మూత పెట్టేసింది.

"మంత్రిగారూ, మహారాజుగారి పుట్టినరోజు అన్నం, మహా చక్కగా ఉడికింది కదండీ? మెతుకు పట్టి చూసి మీ నోటితో చెప్పండి" అంటూ మంట ఉన్న పక్కన మూత తీసింది.

రాజుగారు పక్కనే ఉన్నాడు. మంత్రి ఒక్క మెతుకు నలిపాడు. అది వెన్నలా నలిగింది. "దివ్యంగా ఉడికింది!" అని ప్రకటించాడు.

అందరూ పంక్తిలో కూర్చున్నాక నాంచారమ్మ అదే గుండిగలో రెండో పక్కనుంచి తీసి రాజుగారి విస్తట్లో వడ్డించింది. రాజుగారు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పళ్ల కింద పటపటమంది.

"ఇదేమిటి! బియ్యం పెట్టావా నాకు?"

"మంత్రిగారు ఉడికిందన్నారు ప్రభూ."

మంత్రి తెల్లబోయాడు. "నేను చూసిన మెతుకు ఉడికింది! నువ్వు గుండిగ కలపలేదు!"

"కలపలేదండీ. మంట దగ్గరి మెతుకు చూశారు, గుండిగంతా ఉడికిందన్నారు. కోటగుమ్మం దగ్గరి మనిషిని చూశారు, రాజ్యమంతా ఒప్పుకుందన్నారు. పైగా నేను 'చక్కగా ఉడికింది కదండీ' అని అడిగాను, ప్రభువు ఎదురుగా ఉన్నారు. ఉడకని పలుకు తగిలినా తమరు కాదనేవారా?"

రాజుగారి మొహం కందగడ్డయింది. "అయితే లక్షమందినీ అడగమంటావా?"

"అక్కర్లేదు ప్రభూ. ఒక్క మెతుకు చాలన్నది వట్టి మాట గాని, గుప్పెడు మెతుకులు చాలు. అడుగు నుంచి తెడ్డేసి కలిపి, నాలుగు పక్కలా పట్టి చూడాలి. వెయ్యి కూడా వద్దు, రెండువందలు ఇప్పించండి."

రాజుగారు పంతానికి సరేనన్నాడు. వారం రోజుల గడువిచ్చి అంతవరకూ సంత జోలికి వెళ్లొద్దన్నాడు.

ఈసారి బుట్ట లేదు, బల్లేలు లేవు. మూతికి గుడ్డ ముసుగేసిన కూజా ఒకటి. పిడికిలి ముసుగు లోపల పెట్టి వదిలితే ఏది పడిందో పక్కవాడికీ తెలియదు. ఆదివారం కోట దగ్గర కొందరిని, గురువారం సంతలో కొందరిని, సాలెల వీధిలో, రేవులో, చుట్టుపక్కల పల్లెల్లో కొందరిని అడిగారు. వీధికి పదో ఇల్లు లెక్కన తలుపు తట్టారు తప్ప మొహం చూసి ఎంచుకోలేదు. అడిగింది కూడా ఒక్కటే: "సంత ఇక్కడ ఉండాలా, ఏటి అవతలకి పోవాలా? ఉండాలంటే చింతగింజ, పోవాలంటే గవ్వ."

శుక్రవారం మధ్యాహ్నం రాజుగారు భోజనం ముగించగానే కూజా ఆయన ముందే బోర్లించారు. గవ్వలు ముప్పైకి మించలేదు. తక్కినవన్నీ చింతగింజలే.

రాజుగారు ఆ కుప్పను ఎడమచేత్తో కెలికి చూశాడు. "నా ఎదుట ఒక్కడూ ఈ మాట అనలేదే" అన్నాడు చిన్నగా. తర్వాత తలెత్తాడు. "సంత ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. కవాతు ఏటి అవతల ఇసుకలో చేయిస్తాను. ఏరు ఏనుగులకు అడ్డమా!"

నాంచారమ్మ దణ్ణం పెట్టింది. కానీ రాజు రాజే. ఓడిపోయి ఊరుకుంటాడా? "అవునుగాని నాంచారమ్మా, ముప్పై ఏళ్లుగా నీ వంటకు వంక లేదని చెప్పుకుంటావు. అలా అన్నది ఎవరు? నీ చేతిలో గరిటె ఉండగా నీ ముందు కూర్చుని తినేవాళ్లేగా!"

మంత్రి మొహం ఆ వారంలో మొదటిసారి విప్పారింది.

నాంచారమ్మ నడుం నిటారుగా నిలబెట్టింది. "నేనెవర్నీ అడగను ప్రభూ. అడిగితే బాగుందంటారని నాకు తెలీదా? అందరూ లేచి వెళ్లాక విస్తళ్లు చూస్తాను. విస్తరికి రాజభయం లేదు."

రాజుగారు పకపకా నవ్వాడు. నవ్వుతూనే తన విస్తరిని రెండు చేతులా ఎత్తి అందరికీ చూపించాడు. అందులో ఒక్క మెతుకు లేదు.

"ఇదిగో నాంచారమ్మా, నీ వంటకు నా గవ్వ!" అన్నాడు. చేతి కంకణం తీసి ఆవిడకిచ్చాడు.

ఆ తర్వాతి గురువారం పుల్లమ్మ తన పాత చోటే ఆనపకాయలు పేర్చుకుని కూర్చుంది. కంకణం తొడుక్కుని బేరానికొచ్చిన అక్కను చూసి, "మా అక్క!" అని సంతంతా వినబడేలా చెప్పింది.