ఎర్రకోన వేడిరాయి

ఎర్రకోన అడవిలో జింకలు, కుందేళ్ళు, అడవిపందులు, ముళ్ళపందులు, తేనె పిచ్చి ఉన్న ఒక ముసలి ఎలుగుబంటి ఉండేవి. అడవి అంచున ఒక వాగు పారేది. వాగుకు అవతల వెదురుకోన.

ఈ గట్టువాళ్ళు పొద్దున నీళ్ళు తాగాలి, ఆ గట్టువాళ్ళు సాయంత్రం తాగాలి. గొడవలు రాకూడదని ఎప్పుడో పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. గొడవలైతే రాలేదు గానీ, ఒకరి ముఖం ఒకరు చూసిందీ లేదు. చూడనివాళ్ళ గురించి ఎన్నయినా చెప్పుకోవచ్చు కదా. వెదురుకోనవాళ్ళకు మూడు వరసల పళ్ళుంటాయని జింకలు చెప్పేవి. తోక చివర కొమ్ము కూడా ఉంటుందని కుందేలు కలిపేది.

ఎర్రకోనకు కోరలయ్య అనే అడవిపంది పెద్ద. ఒకనాడు వాగు పైనున్న గుట్టలో గడ్డల కోసం తవ్వుతుంటే అతని ముట్టెకు వెచ్చగా ఏదో తగిలింది. చూస్తే మట్టి లోపల పెద్ద రాయి. చీకటి గుంటలో పచ్చగా మెరుస్తోంది.

కోరలయ్య అందరినీ పిలిచాడు. ఆ రాయి పైకి తెస్తే ఎర్రకోనలో చలి ఉండదన్నాడు, చీకటీ ఉండదన్నాడు. గట్టు మీద నిలబెడితే వెదురుకోనవాళ్ళు ఇటు కన్నెత్తి చూడరన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, "వాళ్ళు కూడా అక్కడ ఇలాంటిదే తవ్వుతున్నారట," అన్నాడు.

ఎవరు చెప్పారని ఒక్కరూ అడగలేదు. అందరూ తవ్వడానికి లేచారు.

తవ్వకం పనికి ముళ్ళపంది సూదమ్మను ముందు నిలబెట్టారు. తవ్వడంలో ఆమెను మించినవాళ్ళు లేరు, పైగా ఒళ్ళంతా ఆయుధాలే. కోరలయ్య ఆమెకు 'సేనాని' అని బిరుదిచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ పిలుపు సూదమ్మకు బాగానే నచ్చింది. రెండు రోజులు మెడ ఎత్తుకునే తిరిగింది. మెడ అంతగా లేని జంతువుకు అదేమీ చిన్న కష్టం కాదు.

ముళ్ళపంది పిల్లలకు పుట్టినప్పుడు ముళ్ళు గడ్డిపోచల్లా మెత్తగా ఉంటాయి. కొద్ది రోజుల్లోనే గట్టిపడతాయి. తవ్వకం మొదలయ్యాక పుట్టిన సూదమ్మ కూతురికి మాత్రం నెల దాటినా అవి గట్టిపడలేదు. ముట్టుకుంటే రాలిపోతున్నాయి. ముళ్ళు లేని ముళ్ళపందిని నక్క ఊరికే వదులుతుందా?

సూదమ్మకు కునుకు కరువైంది. బొరియలోకి వెళ్ళేది, పిల్లను మూతితో తడిమి చూసేది, బయటికి వచ్చేది, మళ్ళీ లోపలికి పోయేది. గుట్టలో తవ్విన మట్టి అంతా వాగులో పడుతోంది. పిల్ల తాగేది ఆ నీళ్ళే. ఆ సంగతి తట్టగానే ఆమె కోరలయ్య దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దయ్యా, ఆ మట్టి వాగులో పోయించకండి. నా పిల్లకు ముళ్ళు నిలవడం లేదు."

"వాగు దాన్ని తీసుకుపోతుంది కదా సేనానీ."

"ఎక్కడికి తీసుకుపోతుంది? మనం నీళ్ళు తాగే రేవుకేగా."

"ఒక్క పిల్ల ముళ్ళ కోసం కోనంతా చలికి వణకాలా? రేపు వెదురుకోనవాళ్ళు వచ్చి పడితే అదే పిల్లను ఎవరు కాపాడతారు?"

సూదమ్మ అక్కడి నుంచి వచ్చేసింది. అయినా ఊరుకోలేకపోయింది. గుమ్మం గుమ్మానికీ తిరిగి, తవ్వకం ఆపుదాం రమ్మని బతిమాలింది. కుందేలు తలుపుగా పెట్టుకున్న ఆకులు దగ్గరికి లాక్కుంది. జింకలు అప్పుడే గుర్తొచ్చినట్టు మేతకు బయలుదేరాయి. ఎలుగుబంటి మాత్రం నిజం చెప్పింది. చలికాలంలో కీళ్ళు పట్టేస్తున్నాయట, ఆ రాయి పక్కన వెచ్చగా పడుకోవాలని ఉందట.

సూదమ్మ ఒక రోజు ముడుచుకుని కూర్చుంది. మర్నాడు మళ్ళీ బయలుదేరింది. ఈసారి తన గోడు చెప్పలేదు. "మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగి, నోరు మూసుకుని కూర్చుంది.

అప్పుడు కుందేలు ఆకులు పక్కకు తీసింది. "వదినా, ఎవరికీ చెప్పకు. మా పిల్లలింకా కళ్ళు తెరవలేదు," అంది. జింక తన కూన వీపు చూపించింది. వెంట్రుకలు గుత్తులుగా ఊడిపోయాయి. ఎలుగుబంటి చాలాసేపు గొణిగి, వాగు పక్కన చెట్లకు తేనెటీగలు రావడం మానేశాయని ఒప్పుకుంది. ఎవరికి వారు ఇది మా ఇంటి ఖర్మ అనుకుని దాచుకున్నారు.

అయినా ఒక భయం పోలేదు. అవతలివాళ్ళు తవ్వుతుంటే మనం ఎలా ఆపుతామని అందరూ అన్నారు.

ఆ మర్నాడు పొద్దున నీళ్ళు తాగాక సూదమ్మ వాగు దగ్గరే ఉండిపోయింది. సాయంత్రం అవతలి గట్టు మీద పొద కదిలింది. సూదమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ధైర్యంతో కాదు లెండి.

వచ్చింది బక్కచిక్కిన రేచుకుక్క. వెనకాల ఒక పిల్ల, ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. రేచుకుక్క సూదమ్మను ఎగాదిగా చూసింది.

"నీకు రెండు తలలుంటాయన్నారే," అంది.

"నీ తోకకు కొమ్ముందన్నారు," అంది సూదమ్మ. గట్టు అంచుకు జరిగి అడిగింది. "మీరు వేడిరాయి తవ్వుతున్నారట, నిజమేనా?"

"తవ్వుతున్నాం అక్కా. మీరు తవ్వుతున్నారని మా పెద్ద చెప్పాడు. గుంట మొదలెట్టాకే మా పిల్లలు ఇలా అయ్యారు."

ఇద్దరూ ఒకరి పిల్ల గురించి ఒకరికి చెప్పుకుంటూ చీకటి పడేదాకా నిలబడ్డారు. తర్వాత ఎవరి కోనకు వాళ్ళు వెళ్ళి, విన్నదంతా తమవాళ్ళకు చెప్పారు.

మర్నాడు రెండు గట్లవాళ్ళూ ఒకే వేళకు వాగు దగ్గరికి వచ్చి, తవ్వకం మానేద్దామని మాట ఇచ్చుకున్నారు. వెదురుకోనవాళ్ళు తమ గుంట ముందు, ఎర్రకోనవాళ్ళు తమ గుంట ముందు కూర్చున్నారు. కోరలయ్య అరిచాడు, బెదిరించాడు, ద్రోహులన్నాడు. ఒక్కరూ గోరు కదపలేదు. ఎండ వచ్చింది, వాన వచ్చింది, కూర్చునే ఉన్నారు.

"పిరికివాళ్ళు. మీరు లేకపోతే నేను తవ్వలేనా?" అని కోరలయ్య గుట్ట వెనక నుంచి ఒక్కడే సొరంగం పెట్టాడు. మొండివాడు, రాయిని చేరనే చేరాడు. దాన్ని చూసి మురిసిపోయి దానికే ఆనుకుని పడుకున్నాడు. లేచేసరికి ఒళ్ళంతా మంట. వారం తిరగకుండా వీపు మీది బిరుసు వెంట్రుకలు రాలాయి. ఆ తర్వాత అతను అంతగా మెరుగు పెట్టుకున్న కోరలు రెండూ కదిలి ఊడిపడ్డాయి.

రెండు కోనలవాళ్ళూ కలిసి ముందు ఎర్రకోన గుంటను, తర్వాత వెదురుకోన గుంటను పూడ్చారు. తవ్వడం కంటే పూడ్చడానికే ఎక్కువ కాలం పట్టింది. సూదమ్మ కూతురు గుట్టకు ఎగువన ఊట నీళ్ళు తాగి, నెమ్మదిగా ముళ్ళు నిలబెట్టుకుంది. అక్కడక్కడ ఖాళీలు మాత్రం మిగిలాయి.

కోరలు లేని కోరలయ్యకు గడ్డలు తవ్వుకోవడం చేతకాలేదు. సూదమ్మే రోజూ తవ్వి, మెత్తనివి ఏరి ముందు పెట్టేది. ఒకరోజు అతను నములుతూ నములుతూ ఆగాడు.

"ఇంతకీ తవ్వకం ముందు ఎవరు మొదలెట్టారే, మనమా వాళ్ళా?"

"రెండు గట్లవాళ్ళం కూర్చుని అదే తేల్చుకుందామనుకున్నాం పెద్దయ్యా," అంది సూదమ్మ మరో గడ్డ మట్టి దులుపుతూ. "గుంటలు పూడ్చే పనిలో పడి తీరిక దొరకలేదు."

నీతి: అవతలివాళ్ళను చూపించి భయపెట్టేవాడి మాట నమ్మేముందు, పక్కింటివాళ్ళనూ అవతలివాళ్ళనూ మనమే వెళ్ళి పలకరించాలి.