లోపలి గీత

కోట మైదానంలో ఏం చూశారో చెప్పండి. రెండు గుండ్రటి గీతలు, ఇద్దరు మనుషులు, ఒకటే చుట్టు. అంతేనా?

లోపలి గీత మీద దొర బంటు, బయటి గీత మీద గొర్రెలు కాసే ఈరమ్మ. ఈ పరుగు పందెంలో ఆమె గెలిస్తే, వెట్టికి రానన్నందుకు చెరలో వేసిన తమ్ముణ్ణి వదులుతానని దొర అందరి ముందూ మాటిచ్చాడు. మంద మలుపు తిరిగేటప్పుడు బయటివైపు గొర్రెలే ఎక్కువ నడవాలని ఆమెకు తెలుసు.

“నా దారి పొడుగు దొరా.”

“చుట్టంటే చుట్టే. తేడా ఏముందే?”

“లేదంటున్నారుగా. అయితే మీ బంటును ఇటు రమ్మనండి, నేనటు పోతా.”

జనం విన్నారు. దొర కాదనలేకపోయాడు. ఈరమ్మ గెలిచింది.

తమ్ముణ్ణి మోసుకొచ్చి ఆమె ముందు పడుకోబెట్టారు. రెండు మోకాళ్లూ చెరలోనే విరిచేశారు.

“వదిలేశాను, తీసుకుపో,” అన్నాడు దొర.

మీరు చెప్పండి, అతను మాట నిలబెట్టుకున్నట్టేనా?